భీముడి కిడ్నీలు, కాల్షియం, ఒక చిన్న గడ్డ

మా కుక్క భీముడి బ్లడ్ రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీలు వడపోసి పంపేయాల్సిన వ్యర్థం) 2.6 అని కనపడగానే అందరి కళ్ళూ దాని మీదే పడ్డాయి. మొదట చూపించిన క్లినిక్‌లో ఆ అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, "పెద్ద వయసు కదండీ, కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఇక జాగ్రత్తగా చూసుకుంటూ రావడమే" అన్నారు. కిడ్నీ జబ్బుకిచ్చే ప్రత్యేక ఆహారం, ఒక సిరప్ రాసి పంపేశారు. అదే కాగితం మీద ఇంకాస్త కిందికి వెళ్తే కాల్షియం 14.8 అని ఉంది. పైగా అది ఎక్కువగా ఉందని ల్యాబ్ వాళ్ళే పక్కన గుర్తు కూడా పెట్టారు. దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. తర్వాత మా కథంతా ఆ లైను చుట్టూనే తిరిగింది.

భీముడంటే పెద్ద ఆకారం ఊహించుకోకండి. 14 కిలోల కాకర్ స్పేనియల్. పదేళ్ళు దాటాయి. జబ్బు దాహంతో మొదలైంది. నీళ్ళ గిన్నె నింపి ఇలా తిరిగేసరికి ఖాళీ. రాత్రిళ్ళు రెండు మూడుసార్లు లేపి బయటికి తీసుకెళ్ళమనేవాడు, లేపలేకపోతే పడుకున్న చోటే తడిపేసి తలకాయ వేలాడేసుకుని కూర్చునేవాడు. కొలజాడీతో కొలిచి పోసి, రోజు చివర మిగిలింది తీసేసి చూస్తే దాదాపు రెండు లీటర్లు తాగుతున్నాడు. ఆరోగ్యంగా ఉన్న కుక్క రోజుకి కిలో బరువుకి 50, 60 మిల్లీలీటర్లు తాగుతుంది. 100 దాటిందంటే ఏదో తేడా ఉన్నట్టే. వీడిది 140 దగ్గర తేలింది. దాంతోపాటు విరేచనం సాఫీగా అయ్యేది కాదు, ముక్కీ ముక్కీ వదిలేసేవాడు. మెట్లెక్కడం మానేశాడు. వీటన్నిటినీ వయసు ఖాతాలో వేసేయడం ఎంత తేలికో చెప్పలేను.

రెండో డాక్టర్ దగ్గరికి వెళ్ళింది కిడ్నీలకి ఇంకేమైనా మంచి మందులుంటాయేమోననే. ఆవిడ రిపోర్టు తీసుకుని పై నుంచి కింది దాకా వేలు పెట్టి చదివారు. క్రియాటినిన్ దగ్గర ఆగలేదు. కాల్షియం దగ్గర ఆగారు. తర్వాత ఫాస్ఫరస్ చూశారు, 3.1. యూరిన్ టెస్ట్ కాగితం అడిగి, మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే స్పెసిఫిక్ గ్రావిటీ చూశారు, 1.006. "ఈ మూడూ కిడ్నీ కథ చెప్పడం లేదండీ" అన్నారు.

ఆవిడ వివరించింది నాకు అర్థమైనంతలో ఇదీ. కిడ్నీలు వాటంతట అవే పాడైతే ఫాస్ఫరస్ బయటికి పోలేక రక్తంలో పెరుగుతుంది. ఇక్కడ అది మామూలుగానే ఉంది. పాడైన కిడ్నీ మూత్రాన్ని చిక్కబరచలేదు, పలచనా చేయలేదు, 1.008కీ 1.012కీ మధ్య ఇరుక్కుపోతుంది. వీడి మూత్రం అంతకంటే పలచగా ఉంది, అంటే పలచన చేసే పని ఇంకా నడుస్తూనే ఉంది. నీటిని వెనక్కి లాక్కోమని మెదడు నుంచి వచ్చే హార్మోను మాటే కిడ్నీకి చెవికెక్కడం లేదు. కాల్షియం బాగా పెరిగితే జరిగేది అదే. నీళ్ళు అన్నీ కిందికి పోతాయి, ఆ లోటు పూడ్చుకోవడానికి కుక్క గిన్నెలకి గిన్నెలు తాగుతుంది. అంటే మేం కొలిచిన రెండు లీటర్లు జబ్బుకి మొదలు కాదు, చివర.

అయితే అక్కడికక్కడే గడ్డ ఉందని చెప్పేయలేదు. మళ్ళీ రక్తం తీశారు, ఈసారి రాత్రంతా ఏమీ పెట్టకుండా తీసుకొచ్చాక. తిన్న వెంటనే తీస్తే రక్తంలో కొవ్వు తేలి కాల్షియం అంకెని తప్పుగా చూపించే అవకాశం ఉంటుందట. ఈసారి అడిగింది అయొనైజ్డ్ కాల్షియం. రక్తంలో కాల్షియం కొంత ప్రోటీన్లకి అంటుకుని ఉంటుంది, కొంత విడిగా తిరుగుతుంది. ఒంటి మీద పనిచేసేది విడిగా ఉన్నదే. పాత కిడ్నీ జబ్బున్న కుక్కల్లో మొత్తం కాల్షియం కొద్దిగా ఎక్కువ కనిపించినా, విడిగా ఉన్నది మామూలుగానో తక్కువగానో ఉండొచ్చు. వీడిది 1.9 వచ్చింది. 1.4 చుట్టుపక్కల ఆగాల్సింది. దాంతో కిడ్నీలే కాల్షియాన్ని పెంచి ఉంటాయన్న అనుమానం దాదాపు పోయింది.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. ఇంట్లో ఎలకల మందు పెట్టారా? కొన్నిట్లో విటమిన్ డి ఉంటుందట, అది తింటే కాల్షియం ఇలాగే ఆకాశానికెళ్తుంది. ఇంట్లో ఎవరికైనా సొరియాసిస్ ఉందా, చర్మానికి రాసుకునే క్రీము ట్యూబు ఏదైనా కొరికాడా? విటమిన్ చుక్కలేమైనా పోస్తున్నారా? అన్నిటికీ లేదనే చెప్పాం. సోడియం, పొటాషియం చూసి అడ్రినల్ గ్రంథుల జబ్బు కూడా కాకపోవచ్చన్నారు. ఒక్కోటీ కొట్టేసుకుంటూ వస్తే చివరికి మిగిలింది రెండు. మెడలో ఉండి కాల్షియాన్ని నడిపించే పారాథైరాయిడ్ గ్రంథి పెరగడం, లేదా ఒంట్లో ఎక్కడో ట్యూమర్. కుక్కల్లో కాల్షియం ఇంతలా పెరగడానికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం ట్యూమరే. అందులోనూ ముందు వరసలో ఉండేది లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్), ఆ తర్వాత మలద్వారం పక్కనుండే గ్రంథుల క్యాన్సర్.

"మొదటి క్లినిక్‌లో వెనకవైపు వేలు పెట్టి చూశారా?" అని అడిగారు. చూడలేదు.

ఆ పరీక్ష చూడ్డానికి ఏమంత ఘనంగా ఉండదు. ఆవిడ గ్లవ్స్ వేసుకుని, చూపుడు వేలికి జెల్లీ రాసుకున్నారు. నేను భీముడి తల నా చంకలో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నాను. అసిస్టెంటు తోక ఎత్తి పట్టుకున్నాడు. వేలు లోపలికి పోనిచ్చి, బయటి నుంచి బొటనవేలు ఆనించి, రెంటి మధ్యా చర్మాన్ని నెమ్మదిగా నలుపుతూ ఎడమవైపు చూశారు. ఏమీ అనలేదు. కుడివైపు వచ్చేసరికి బొటనవేలు ఒకే చోట ముందుకీ వెనక్కీ ఆడింది. మళ్ళీ ఎడమకి వెళ్ళి పోల్చుకుని, మళ్ళీ కుడికి వచ్చారు. భీముడు ఒక్కసారి కుయ్యిమన్నాడు. "ఇదిగో, ఇక్కడుంది" అని గ్లవ్స్ తీసేసి, నాకూ ఒక జత ఇచ్చి పై నుంచి వేలు ఆనించి చూడమన్నారు. శనగగింజ కంటే కొంచెం పెద్దది, గట్టిగా, కదలకుండా. రోజూ దువ్వే కుక్క, స్నానం చేయించే కుక్క. బయటికి వాపు లేదు, ఎరుపు లేదు, వాడు అక్కడ నాక్కున్నదీ లేదు, నేలకేసి రాసుకున్నదీ లేదు.

అంత చిన్న గడ్డ కిడ్నీలని దెబ్బతీయడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. గడ్డ సైజుకీ కాల్షియానికీ లంకె లేదట. ఈ గ్రంథి గడ్డలు అన్నీ కాకపోయినా చాలానే, పారాథైరాయిడ్ హార్మోనుని పోలిన ఒక పదార్థాన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. 1987లో దాన్ని విడదీసి గుర్తించారు. మామూలుగా దాని పని చెడ్డదేం కాదు. పాలిచ్చే తల్లి ఎముకల్లోంచి కాల్షియం తీసి పాలకి అందించేది కూడా అదే. ట్యూమర్ చేతిలో పడ్డాక దానికి అడ్డూ ఆపూ ఉండదు. ఎముకల నుంచి కాల్షియం కరిగించి రక్తంలోకి తెస్తుంది, మూత్రంలో పోబోయే కాల్షియాన్ని కిడ్నీ చేత వెనక్కి లాగిస్తుంది. ఫాస్ఫరస్‌ని మాత్రం బయటికి తోసేస్తుంది. ఆ 3.1 అంకె అందుకే.

ఇక కిడ్నీల సంగతి. పెరిగిన కాల్షియం కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్న నాళాలని బిగిస్తుంది, వడపోత తగ్గుతుంది. నీరు పోయి పోయి ఒళ్ళు ఎండిపోతే ఇంకా తగ్గుతుంది. ఈ రెండింటినీ వెనక్కి తిప్పొచ్చు. తిప్పలేనిది మూడోది, కిడ్నీ గొట్టాల్లో కాల్షియం పేరుకుని కణాలు చచ్చిపోవడం. డాక్టర్ గారు కాల్షియాన్ని ఫాస్ఫరస్‌తో హెచ్చవేసి చూపించారు, 46 దగ్గరొచ్చింది. 70 దాటితే మెత్తటి కణజాలంలో సున్నం దిగడం మొదలవుతుందని చెప్పి, ఆ లెక్కన మనకింకా టైముంది గానీ వృథా చేసే టైము లేదన్నారు. ఆ మాటే మమ్మల్ని నిలబెట్టింది. పాతబడిన కిడ్నీ జబ్బుని వెనక్కి తిప్పలేం, కాల్షియం వల్ల వచ్చినదాన్ని కొంతైనా తిప్పగలం.

ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి. కాల్షియం తగ్గించడానికి స్టిరాయిడ్ బాగా పనిచేస్తుంది, ప్రెడ్నిసలోన్ మాత్రలు అందరికీ తెలిసినవే. అదిచ్చేస్తే సరిపోతుంది కదా అని అడిగాను. గడ్డ నుంచి సూదితో కణాలు తీసి చూసేదాకా ఇవ్వనన్నారు. ఒకవేళ లోపల లింఫోమా ఉంటే స్టిరాయిడ్ పడగానే ఆ కణాలు కరిగిపోతాయి. కుక్క బాగైనట్టు కనిపిస్తుంది, పరీక్షలో ఏమీ దొరకదు, తిరగబెట్టినప్పుడు మందులకి లొంగడం కష్టమవుతుంది. కుక్కకి నలతగా ఉందంటే స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి పంపడం చూస్తూనే ఉంటాం కదా, ఆ అలవాటు ఇలాంటి చోట ఎంత చేటు చేస్తుందో అప్పుడే తెలిసింది.

సూదితో తీసిన కణాలు చూసి ఆ గ్రంథి క్యాన్సరేనని చెప్పారు. ఛాతీకి ఎక్స్‌రేలు తీశారు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. పొట్టకి అల్ట్రాసౌండ్ చేసేటప్పుడు ఎక్కువసేపు చూసింది నడుం కింద, పెద్దపేగుకి పైన ఉండే లింఫు గడ్డల్ని. ఈ క్యాన్సర్ మొదట పాకేది అక్కడికే. అవి ఉబ్బితే పైనుంచి పేగుని నొక్కేసి, విరేచనం బద్దలా చదునుగా వస్తుంది. అప్పటికి అవి మామూలుగానే ఉన్నాయి. మరి వీడి మలబద్ధకం? దానికీ కాల్షియమే కారణం, పేగు కండరాలని మందగింపచేస్తుందట. కిడ్నీల అంచు మామూలు కంటే కొంచెం తెల్లగా కనిపించింది.

ఆపరేషన్‌కి ముందు కాల్షియం దించాలి. అడ్మిట్ చేసుకుని సెలైన్ ఎక్కించారు, మామూలు 0.9 శాతం ఉప్పునీళ్ళ సెలైన్. ఎక్కువగా వాడే రింగర్ లాక్టేట్ సీసా పక్కనే ఉన్నా ముట్టుకోలేదు, అందులో కొద్దిగా కాల్షియం ఉంటుంది. పైగా ఉప్పులోని సోడియం మూత్రంలోకి పోతూ పోతూ కాల్షియాన్ని కూడా లాక్కుపోతుంది. ఒంట్లో నీరు సరిపడా చేరాకే, మూత్రం ఎక్కువ పోయించే ఫ్యూరోసెమైడ్ మొదలుపెట్టారు. ఎండిపోయిన ఒంటికి అదిస్తే ఉన్న కాస్త నీరూ పోయి కిడ్నీల మీదే పడుతుంది. మొదటి క్లినిక్ రాసిన సిరప్ తీసుకెళ్ళి చూపిస్తే వెనక్కి తిప్పి చదివి, కాల్షియం ఉన్నదని పక్కన పెట్టించారు. కిడ్నీ జబ్బులో ఫాస్ఫరస్‌ని పట్టుకోవడానికి కాల్షియం కలిసిన మందులివ్వడం మామూలే, ఈ జబ్బులో మాత్రం అది నిప్పులో నెయ్యి.

కాల్షియం 12కి దిగాక ఆపరేషన్ అన్నారు. ఇంట్లో తర్జనభర్జన జరిగింది. ఆ వయసులో, ఆ కిడ్నీలతో మత్తు తట్టుకుంటాడా అన్నది మా ఆయన భయం. డాక్టర్ గారు ఒక్కటే చెప్పారు, గడ్డ ఉన్నంతకాలం కిడ్నీల మీద దెబ్బ పడుతూనే ఉంటుంది, సెలైన్ తీసిన మర్నాడే కాల్షియం మళ్ళీ ఎక్కుతుంది. మత్తులో బీపీ పడిపోకుండా చూసుకోవడమే ముఖ్యం, బీపీ పడితే కిడ్నీలకి రక్తం అందదు. నొప్పికి మామూలుగా ఇచ్చే మెలాక్సికామ్ లాంటి మందులు వీడికి వద్దని, ఓపియాయిడ్ మందులతో నడిపిస్తామని ముందే రాసి పెట్టారు. మలవిసర్జన మీద పట్టు తప్పే ప్రమాదం కొంత ఉంటుందని కూడా చెప్పారు. ఒక్క వైపే తీస్తున్నారు కాబట్టి ఒప్పుకున్నాం.

ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున కాల్షియం 10.4.

దాహం కూడా అంత త్వరగానే దిగింది. ఇంటికొచ్చాక గిన్నెలో సగం నీళ్ళు సాయంత్రానికి అలాగే ఉండడం చూసి మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి నీళ్ళు కూడా తాగడం లేదమ్మా అంది. అంతకుముందు అంతలా అలవాటు పడిపోయాం! మెడలో ప్లాస్టిక్ కాలర్ తగిలించుకుని ప్రతి తలుపుకీ గుద్దుకుంటూ తిరిగాడు. కుట్ల దగ్గర చీము పట్టకుండా విరేచనం అయిన ప్రతిసారీ గోరువెచ్చటి నీళ్ళతో కడగడం కాస్త కష్టమైన పని, అంతే.

క్రియాటినిన్ మాత్రం అంత తొందరగా మాట వినలేదు. 2.1కి వచ్చింది, కొన్ని వారాలకి 1.7. అక్కడే ఆగింది. కిడ్నీ జబ్బు ఏ దశో ఐరిస్ (కిడ్నీ జబ్బుల మీద పనిచేసే పశువైద్యుల సంఘం) వాళ్ళ పద్ధతిలో చెప్పడం అప్పుడే మొదలుపెట్టారు. ఒంట్లో నీరు తగ్గి, కాల్షియం ఎగిరిపడుతున్నప్పుడు వచ్చిన 2.6ని పట్టుకుని దశ చెప్పడానికి లేదు. కుక్క నిలకడగా ఉన్నప్పుడు రెండుసార్లు చూసి చెప్పాలి. 1.4 నుంచి 2.8 దాకా రెండో దశ. మూత్రంలో ప్రోటీన్‌కీ క్రియాటినిన్‌కీ నిష్పత్తి 0.3, బీపీ 145. రెండూ మరీ చెడ్డవేం కాదు, కన్నేసి ఉంచాల్సినవి. పోయినవి పోయాయి, మిగిలిన కిడ్నీతో నెట్టుకురావచ్చు అని తేలింది. కిడ్నీ ఆహారం ఇప్పుడు నిజంగా అవసరమై మొదలుపెట్టాం.

ఈ తిరుగుళ్ళలో తెలిసింది, ట్యూమర్లు కిడ్నీల్ని దెబ్బతీయడానికి ఇదొక్కటే దారి కాదని. లింఫోమా నేరుగా రెండు కిడ్నీల్లోనూ దిగొచ్చు. మూత్రాశయం మెడ దగ్గర క్యాన్సర్ పెరిగితే కిడ్నీ నుంచి వచ్చే గొట్టం మూసుకుపోయి, వెనక మూత్రం నిలిచి కిడ్నీ ఉబ్బిపోతుంది. ఆ క్యాన్సర్‌ని మూత్రంలోనే బీరాఫ్ అనే జన్యుమార్పు కోసం వెతికి చాలావరకు పట్టుకోవచ్చట. ఎక్కడో ట్యూమర్ ఉంటే దాని మీద ఒళ్ళు చేసే యుద్ధంలో పుట్టిన పదార్థాలు వడపోత జల్లెడలో ఇరుక్కుని మూత్రంలో ప్రోటీన్ పోవడమూ ఉంది. నన్ను ఆశ్చర్యపరిచింది జర్మన్ షెపర్డ్‌ల జబ్బు. కాళ్ళ మీదా తల మీదా చర్మం కింద గట్టి గట్టి బొడిపెలు వస్తాయి, వాటి వల్ల పెద్దగా బాధుండదు. అసలు సంగతి లోపల, రెండు కిడ్నీల్లోనూ నీటితిత్తులూ ట్యూమర్లూ పెరుగుతుంటాయి. ఫాలిక్యులిన్ అనే జన్యువులో మార్పు వల్ల ఇది వంశపారంపర్యంగా వస్తుందని 2003లో తేల్చారు. మనుషుల్లో బర్ట్-హాగ్-డూబే సిండ్రోమ్‌కి కారణం కూడా అదే జన్యువు. చర్మం మీద బొడిపె చూపించి కిడ్నీ స్కాన్ చేయించమనే డాక్టర్ దొరకడం ఆ కుక్కల అదృష్టం.

మా విషయానికొస్తే, గడ్డ రిపోర్టులో అడినోకార్సినోమా (గ్రంథి కణాల క్యాన్సర్) అనీ, కోసిన అంచులకి క్యాన్సర్ కణాలు దగ్గరగా ఉన్నాయనీ వచ్చింది. కీమో సంగతి మాట్లాడుకున్నాం. ఆ కీమో మందు కార్బోప్లాటిన్ బయటికి పోయేది ఎక్కువగా కిడ్నీల ద్వారానే, వీడికున్న కిడ్నీలకి తగ్గట్టు డోసు చూసుకోవాలి, లాభం ఎంతో ఖాయంగా చెప్పలేనన్నారు. వద్దనుకున్నాం. దాని బదులు నెలనెలా అయొనైజ్డ్ కాల్షియం, వేలితో పరీక్ష, కొన్ని నెలలకోసారి అల్ట్రాసౌండ్ అని పెట్టుకున్నాం. ఇలా కాల్షియం పెంచే ట్యూమర్‌లో ఉన్న ఒకే ఒక్క సుఖం అది, తిరగబెడితే అల్లరి చేసి మరీ చెప్తుంది.

చెప్పింది కూడా. ఏడాది తిరిగేలోపు అయొనైజ్డ్ కాల్షియం 1.55 అయింది. నీళ్ళు ఎక్కువ తాగడం ఇంకా మొదలవలేదు, కుక్క హుషారుగానే ఉంది, వేలికి ఏమీ తగల్లేదు. స్కాన్‌లో నడుం కింద ఒక లింఫు గడ్డ రెండు సెంటీమీటర్లకి పెరిగి కనిపించింది. ఈసారి పొట్ట కోసి దాన్ని తీశారు. పెద్ద రక్తనాళాల పక్కనే ఉంటుంది కాబట్టి మొదటిదానికంటే పెద్ద ఆపరేషనే. అయినా ఈసారి ఇంట్లో వాదన జరగలేదు. కాల్షియం మళ్ళీ మామూలైంది, క్రియాటినిన్ 1.9 దగ్గర నిలిచింది. మొదటిసారి లాగా అది ఎగబాకేదాకా ఆగలేదు కాబట్టి కిడ్నీల మీద పడిన దెబ్బ కొంచెమే.

ఇంకోసారి పెరిగి, తీయడానికి వీల్లేని చోట ఉంటే జోలెడ్రోనేట్ పెడదామన్నారు. ఎముకల నుంచి కాల్షియం కరగకుండా ఆపే మందు, సెలైన్‌లో కలిపి పావుగంటలో ఎక్కిస్తారు. అదీ కిడ్నీలని చూసుకుంటూ ఇవ్వాల్సిందే. ప్రస్తుతానికి టోసెరానిబ్ అనే క్యాన్సర్ మాత్రలు మొదలుపెట్టారు. బీపీనీ, మూత్రంలో ప్రోటీన్‌నీ పెంచే గుణం ఉంది కాబట్టి ముందు ఆ రెండూ చూశాకే ఇచ్చారు, మళ్ళీ మళ్ళీ చూస్తున్నారు. సోమ, బుధ, శుక్రవారాల్లో వేయాలి. విరగ్గొట్టకూడదు, ఉత్త చేత్తో ముట్టుకోకూడదు. భీముడు మాత్రని బుగ్గలో దాచుకుని, మేం అటు తిరగగానే ఊసేయడంలో ఆరితేరాడు. గ్లవ్స్ వేసుకుని సోఫా కింద టార్చిలైటు కొట్టి వెతకడం మా అమ్మాయి డ్యూటీ.